60 మంది బృందగానానికా, 8 మంది చిన్న బృందానికా? ఉన్న రెండు పీరియడ్లు ఎలా పంచాలి?

పాటల_టీచర్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒక ప్రైవేట్ హైస్కూల్లో సంగీతం చెబుతున్నాను. మా బడి బృందగానంలో 6 నుంచి 9వ తరగతి దాకా 60 మంది పిల్లలున్నారు. అందులోంచి గొంతు బాగున్న ఎనిమిది మందితో విడిగా ఒక చిన్న బృందం ఉంది. బయట సభలకి, పోటీలకి వెళ్ళేది ఆ ఎనిమిది మందే.

వారానికి నాకున్నది రెండు పీరియడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. బడి వదిలాక కూర్చోబెడదామంటే గంట్యాడ, నెల్లిమర్ల, బొండపల్లి వైపు పిల్లలకి బస్సు తప్పిపోతుంది. కాబట్టి ఆ 90 నిమిషాల్లోనే రెండు బృందాలూ నడవాలి.

ఆగస్టు 29న గిడుగు వారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 21న గురజాడ వారి జయంతి. ఆ వెంటనే దసరా, మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఈ కార్యక్రమాలన్నిటికీ చిన్న బృందం గట్టిగా ఉండాలని మేనేజ్‌మెంట్ కోరిక. వాళ్ళ కోసం ఒక పీరియడ్ తీసేస్తే మిగతా 52 మందికి వారం తిరిగేసరికి చరణాలు గుర్తుండవు. శ్రుతి దిగుతుంది, లయ పరుగెడుతుంది. అలాగని రెండు పీరియడ్లూ అందరికీ ఇస్తే, చిన్న బృందం పిల్లలకి రెండో చరణం కూడా వచ్చేసి ఉంటుంది, వెనక వరస వాళ్ళు ఇంకా పల్లవి దగ్గరే ఉంటారు. బాగా పాడే పిల్లలు విసుగొచ్చి కిటికీలోంచి బయటికి చూస్తుంటారు.

నాకు రెండూ కావాలి. అనుభవం ఉన్నవాళ్ళు ఎలా చేస్తున్నారో చెప్పండి.

శ్రుతి_ఐదు (విజయనగరం)

మేడం, పీరియడ్లు పంచే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. 60 మంది కలిసి కూర్చున్నప్పుడు మాత్రమే నేర్చుకోగలిగేది ఏమిటి?

నా లెక్కలో అవి కొన్నే. ఒకేసారి ఊపిరి తీసుకోవడం. ఒకేసారి ఎత్తుకోవడం. పక్కవాళ్ళ గొంతులో తన గొంతు కలిసేలా తగ్గించుకోవడం. చరణం చివర అచ్చుని అందరూ ఒకేచోట వదలడం. మన మాటలు చాలామటుకు అచ్చుతోనే ముగుస్తాయి కదా, ‘దేశమును ప్రేమించుమన్నా’ పాటలో ‘మన్నా’ అని నిలిపినప్పుడు ఒకడు నోరు సగం మూసి, ఇంకొకడు బార్లా తెరిచి పాడితే వినడానికి రెండు పాటల్లా ఉంటుంది. ఇవి ఎనిమిది మందితో సాధన చేస్తే 60 మందికి రావు.

పాట వరసలు నేర్చుకోవడం, మాటలు కంఠస్థం చేయడం, స్వరస్థానం సరిచేసుకోవడం మాత్రం పెద్ద బృందంలో జరగాల్సిన పనులు కావు. అంతర గాంధారం (పై ‘గ’ స్వరం) కాస్త కిందికి జారితే 60 మందిలో ఎవరిది జారిందో తెలియదు, ఎనిమిది మందిలో వెంటనే తెలిసిపోతుంది. మీ పెద్ద బృందం సమయమంతా వరస నేర్పడానికే ఖర్చయిపోతోందని నా అనుమానం. అందుకే ఎంత సమయమిచ్చినా చాలడం లేదు.

లెక్కల_సార్ (నరసన్నపేట)

నేను సంగీతం వాడిని కాను. మా బడిలో టైమ్‌టేబుల్ వేసేది నేనే కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

90 నిమిషాలని మీరు రాశారు గానీ అది కాగితం మీద లెక్క. 60 మంది నాలుగు తరగతుల నుంచి వచ్చి హాల్లో సర్దుకునేసరికి ఐదారు నిమిషాలు పోతాయి. బెల్ కొట్టకముందే వదలకపోతే తర్వాతి పీరియడ్ టీచర్ ఊరుకోరు. పీరియడ్‌కి నికరంగా పాడేది 35 నిమిషాలు ఉంటే గొప్ప. అంటే వారానికి 70.

ఇక మీ దగ్గర ఉండి కూడా మీరు లెక్కలోకి తీసుకోని సమయం ఒకటి ఉంది. రోజూ పొద్దున్న ప్రార్థన. వారానికి ఆరు రోజులు బడి మొత్తం నిలబడి పాడుతుంది. అక్కడ ‘మా తెలుగు తల్లికి’ పాడతారు, జనగణమన పాడతారు. జనగణమన 52 సెకన్లలో ముగియాలి. చాలా బళ్ళలో ఎవరో ఒక పిల్లాడు తనకి తోచిన శ్రుతిలో ఎత్తుకుంటాడు, పై స్థాయికి వచ్చేసరికి సగం మంది ఆగిపోతారు. మీ 60 మందిని ప్రార్థనలో ముందు వరసల్లో ఒకేచోట నిలబెట్టి, శ్రుతి ఇచ్చి ఎత్తుకోమంటే అది మీ పెద్ద బృందానికి రోజువారీ సాధన. ఇందుకు పీరియడ్ అడగక్కర్లేదు, బస్సు తప్పదు.

తొమ్మిదో_తరగతి_అమ్మ (రాజాం)

టీచర్ గారూ, మీరు మా అమ్మాయి టీచర్ కాకపోయినా తల్లిగా ఒక మాట చెప్పాలనిపించింది. మా పాప వాళ్ళ బడిలోనూ ఇలాగే ఒక ‘స్పెషల్ గ్రూప్’ ఉంది. పాప అందులో లేదు. ఎంపిక జూన్‌లో ఒకసారి జరిగింది, అంతే, ఏడాదంతా వాళ్ళే. ‘అమ్మా, నేను రోజూ సాధన చేసినా వచ్చే జూన్ దాకా నన్ను ఎవరూ వినరు కదా’ అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

చిన్న బృందం వద్దని నేను అనను. బాగా పాడే పిల్లలు వెనకబడకూడదు. కానీ లోపలికి వెళ్ళే తలుపు ఏడాదికి ఒక్కసారే తెరిస్తే బయట ఉన్న పిల్లలు పాడటమే మానేస్తారు. వెనక వరసలో పెదాలు కదుపుతూ నిలబడతారు.

పాత_విద్యార్థి (విశాఖపట్నం, సొంతూరు చీపురుపల్లి)

పైన అమ్మ గారు రాసింది అక్షరాలా నిజం. నేను చదువుకున్న బడిలో మూడేళ్ళు కోరస్‌లో ఉన్నాను. ఆ మూడేళ్ళలో నా ఒక్కడి గొంతు ఎవరూ వినలేదు. తప్పు పాడితే తెలియదు, బాగా పాడినా తెలియదు. డిగ్రీలో ఒక స్నేహితుడి ఇంట్లో నలుగురం కూర్చుని పాడుతుంటే, నాకు శ్రుతి నిలుస్తుందని అప్పుడు తెలిసింది. ఆ మాట ఎనిమిదో తరగతిలో తెలిసి ఉంటే బాగుండేది. టీచర్ గారూ, 52 మందిలో ఒక్కొక్కరి గొంతూ ఏడాదిలో కనీసం రెండు మూడుసార్లు విడిగా వినండి. మీరు వింటున్నారని తెలిస్తేనే పిల్లలు నోరు విప్పుతారు.

నాగావళి_మాష్టారు (శ్రీకాకుళం)

అమ్మా, నేను తెలుగు చెప్పి రిటైరైన వాడిని. మా హైస్కూల్లో సంగీతం టీచర్ పోస్టు ఎప్పుడూ లేదు. జిల్లాలో చాలా సర్కారు బళ్ళ సంగతి ఇంతే. పాటలన్నీ తెలుగు మాష్టార్లే నేర్పేవాళ్ళం. ఆ అనుభవంతో చెబుతున్నాను: మాటల బరువు సంగీతం పీరియడ్ మీద వేయకండి, దాన్ని తెలుగు పీరియడ్‌కి పంపండి.

గురజాడ వారి జయంతికి ‘దేశమును ప్రేమించుమన్నా’ తప్పకుండా పాడిస్తారు కదా. ఆ గీతం ముత్యాల సరం అనే ఛందస్సు నడకలో ఉంది. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, నాలుగు. దేశ, మునుప్రే, మించు, మన్నా. లెక్కపెట్టి చూడండి, పాదానికి 14 మాత్రలు. సంగీతంలో దీన్నే మిశ్రగతి అంటారు, తకిట తకధిమి. ఈ నడక చేతికి రాకుండా వరస నేర్పితే పిల్లలు దాన్ని తెలియకుండానే నాలుగు నాలుగు మాత్రల్లోకి లాగేస్తారు. మూడు దగ్గర ఒక మాత్ర సాగదీస్తారు. 60 మందీ సాగదీస్తే ఇక దాన్ని వెనక్కి తేవడం కష్టం.

కాబట్టి పాట లేకుండా ముందు చదివించాలి. చప్పట్లతో చదివించాలి. ఇందుకు సంగీతం రావాల్సిన పనిలేదు, ఛందస్సు చెప్పే తెలుగు టీచర్‌కి ఇది వాళ్ళ పాఠమే. మాత్రలు, గురువులు, లఘువులు చెప్పేటప్పుడు ఉదాహరణకి ఇదే పద్యం తీసుకోమని అడగండి. ఉచ్చారణ కూడా అక్కడే సరిచేస్తారు. ‘దేశము’ని ‘దేసము’ అనే పిల్లలు మన దగ్గర చాలామంది. ఒక్కడు అంటే వినపడదు గానీ 20 మంది అంటే హాలంతా ‘స’ బుసలే.

చిన్న బృందం విషయంలో రాజాం అమ్మ గారు అన్న మాట నాకు నచ్చింది. ఒకటే చిన్న బృందం ఎందుకుండాలి? 60 మంది ఉన్నప్పుడు పది మంది చొప్పున ఆరు చిన్న బృందాలు ఉండొచ్చు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు ఒక చరణం విడిగా పాడతారు.

బొబ్బిలి_కోయిర్

మాష్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక్కచోట విభేదిస్తాను.

మాది బొబ్బిలి దగ్గర. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళ రోజుల నుంచి మా వైపు చర్చిల్లో కోయిర్లు ఉన్నాయి. నేను యూత్ కోయిర్ చూసుకుంటాను. మా పద్ధతిలో సొప్రానో, ఆల్టో, టెనార్, బేస్ అని నాలుగు భాగాలు. ఎవరి భాగం వాళ్ళు విడిగా నేర్చుకుని చివర్లో కలుస్తారు. మీ బళ్ళలో అందరూ ఒకే వరస పాడతారు కాబట్టి ఇది మీకు పూర్తిగా సరిపడదని తెలుసు. అయినా ఒక తేడా చెప్పాలి.

పార్ట్ ప్రాక్టీస్ వేరు, చిన్న బృందం వేరు. పార్ట్ ప్రాక్టీస్ అంటే పెద్ద పాటలో తన వంతు నేర్చుకోవడం. అక్కడ అందరికీ చోటుంటుంది, అది వంతులవారీగా తిరగాలి. చిన్న బృందం అంటే ఎనిమిది మంది ఒకరినొకరు వింటూ, చేయి ఊపేవాళ్ళు ఎదురుగా లేకుండా తమంతట తాము పాట నడపడం. అది కుదరడానికి అదే మనుషులు అదే చోట చాలాకాలం కలిసి పాడాలి. ఒకరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో మిగతా ఏడుగురికీ ఒంట్లో తెలిసిపోవాలి. రెండు వారాలకోసారి మనుషుల్ని మారిస్తే ఆ పని ఎప్పటికీ జరగదు. పది మంది చొప్పున ఆరు గుంపులు చేయండి, మంచిదే. కానీ వాటిని చిన్న బృందం అని పిలిచి, ఉన్న బృందాన్ని రద్దు చేయకండి.

ఇంకో సలహా. పెద్ద బృందం పాడేటప్పుడు ఆ ఎనిమిది మందినీ ముందు వరసలో ఒకచోట పెట్టకండి. వరసకి ఇద్దరు చొప్పున చెదరగొట్టి నిలబెట్టండి. మా కోయిర్‌లో కొత్తవాళ్ళని ఎప్పుడూ పాతవాళ్ళ పక్కనే నిలబెడతాం. చెవి పక్కన సరైన స్వరం ఉంటే కొత్తవాళ్ళ గొంతు దానంతట అదే అక్కడికి చేరుతుంది.

పాటల_టీచర్ (విజయనగరం)

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ప్రార్థన సమయం గురించి లెక్కల సార్ చెప్పింది రేపే మొదలుపెట్టొచ్చు. మాష్టారి సలహా ప్రకారం మా తెలుగు మేడంతో మాట్లాడాను, సంతోషంగా ఒప్పుకున్నారు.

రెండు చిక్కులు మిగిలాయి. మొదటిది, 8, 9 తరగతుల మగపిల్లల గొంతులు మారుతున్నాయి. మేము 5 శ్రుతిలో, అంటే హార్మోనియం ఐదో తెల్ల మెట్టు ‘స’గా పెట్టుకుని పాడతాం. ఆడపిల్లలకి, ఆరో తరగతి వాళ్ళకి అది హాయిగా ఉంటుంది. ఈ పిల్లలకి చరణం అందదు, కింది స్థాయిలో పాడితే వినపడదు. సిగ్గుపడి మానేస్తున్నారు. మానేసే వాళ్ళలో లయ బాగా తెలిసిన పిల్లలున్నారు, అది నాకు మరీ బాధగా ఉంది.

రెండోది, నేను ఎనిమిది మందితో వరండాలో కూర్చుంటే హాల్లో 52 మందిని చూసేదెవరు? పిల్లల్ని టీచర్ లేకుండా వదలకూడదు. చిన్న బృందం సాధన ఆగిపోవడానికి అసలు కారణం ఇదే.

శ్రుతి_ఐదు (విజయనగరం)

గొంతు సంగతి చెబుతాను మేడం. సాధారణంగా 12 నుంచి 15 ఏళ్ళ మధ్య మగపిల్లల స్వరతంత్రులు పొడవు పెరుగుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి దిగుతుంది. ఒక్కరోజులో దిగదు, నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో గొంతుకి అందే స్వరాలు తక్కువే గానీ, ఉన్న కొద్ది స్వరాలూ బాగా పలుకుతాయి. 5 శ్రుతిలోనే అయినా మంద్ర పంచమం (కింది ‘ప’) నుంచి మధ్య స్థాయి పంచమం దాకా వాళ్ళలో చాలామందికి అందుతుంది. అంటే పల్లవి వాళ్ళు పాడగలరు. చరణం తార షడ్జం (పై ‘స’) వైపు వెళ్ళినప్పుడే గొంతు పగులుతుంది.

అందుకని పల్లవి బాధ్యత మగపిల్లలకి ఇవ్వండి. చరణం ఆడపిల్లలు, చిన్నపిల్లలు పాడతారు, ప్రతి చరణం తర్వాత పల్లవిని ఈ పిల్లలు అందుకుంటారు. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ కింది గొంతులు వినపడితే పాటకే నిండుదనం వస్తుంది. పూర్తిగా గొంతు దిగిపోయిన వాళ్ళుంటే వాళ్ళతో విడిగా 1 శ్రుతిలో వేరే పాట చేయించండి. అది మీ రెండో చిన్న బృందం అవుతుంది. పైకి అందని పిల్లాణ్ణి గట్టిగా అరవమనొద్దు, పక్కన కూర్చోమని కూడా అనొద్దు. ఈ రెండిటి వల్లే ఈ వయసులో చాలామంది పాటకి శాశ్వతంగా దూరమైపోతారు.

ఆడపిల్లల గొంతు కూడా ఈ వయసులో కాస్త మారుతుంది, స్వరంలో గాలి కలుస్తుంది. కంగారు పడాల్సిందేమీ లేదు. అకారంలో, అంటే ‘ఆ’ అంటూ, సరళీ స్వరాలు (తొలి స్వర పాఠాలు) మెల్లగా చేయించండి, కుదురుకుంటుంది.

ఆమదాలవలస_డప్పు

మనదగ్గరే ఒక పద్ధతి ఉంది కదా, ఎవరూ చెప్పలేదేటి అని చూస్తున్నాను. మన ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్ళు చూడండి. గుండెకి రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు. గురువు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అడుగు వేస్తూ అందుకుంటారు. చూసేవాళ్ళకి ఒకటే బృందం. లోపల మాత్రం ఎత్తుకునేవాళ్ళు ఒకరిద్దరు, అందుకునేవాళ్ళు మిగతా అందరూ. అందుకునేవాడికి తర్వాతి మాట ముందే తెలిసి ఉండక్కర్లేదు, విని పట్టుకుంటాడు. అలా పట్టుకుంటూ పట్టుకుంటూ కొన్నాళ్ళకి ఎత్తుకునే స్థాయికి వస్తాడు.

మీ రెండు బృందాలూ వేరు వేరు పాటలు ఎందుకు పాడాలి? ఒకే పాటలో ఎనిమిది మంది ఎత్తుకోవాలి, 60 మంది అందుకోవాలి. చిన్న బృందానికి వాళ్ళ పని ఉంటుంది, పెద్ద బృందానికి చరణాలన్నీ కంఠస్థం కాకపోయినా పాట నడుస్తుంది. జముకు వాయిస్తూ కథ చెప్పే జముకుల కథలోనూ అంతే, ముందు ఒకరు చెబితే వెనక వంత ఉంటుంది. మన శ్రీకాకుళం వాడే గరిమెళ్ళ సత్యనారాయణ గారి ‘మాకొద్దీ తెల్లదొరతనము’ ఊరూరా పాడారంటే ఆ పల్లవి ఎవరికైనా ఒక్కసారి వింటే నోటికి రావడం వల్లనే. జనం అందుకోగలిగే పల్లవి ఉన్న పాట ఎంచుకోండి, మీ సగం కష్టం పోతుంది.

నాగావళి_మాష్టారు (శ్రీకాకుళం)

ఇది చాలా మంచి మాట నాయనా. పాట ఎంపికలోనే సగం ఉంది. పల్లవి పొట్టిగా ఉండి, మూడు నాలుగు చరణాలు ఉన్న పాట అయితే ఒక్కో చరణం ఒక్కో గుంపుకి ఇవ్వొచ్చు. ఏ గుంపూ పాటంతా నేర్చుకోనక్కర్లేదు, అయినా అందరికీ పాటంతా వచ్చేస్తుంది, వింటారు కాబట్టి.

పోటీల_జడ్జి (పార్వతీపురం)

నేను వేరే పక్క నుంచి మాట్లాడాలి. మండల, జిల్లా స్థాయి పోటీలకి న్యాయనిర్ణేతగా వెళుతుంటాను. ఇక్కడ చర్చంతా 52 మంది గురించే సాగుతోంది. మంచిదే, కానీ ఆ ఎనిమిది మంది కూడా పిల్లలే. వాళ్ళకీ గురువు సమయం కావాలి.

చిన్న బృందాల్లో నేను తరచుగా చూసే లోపం ఒకటే. పిల్లలు గొప్పగా పాడతారు, కానీ టీచర్ నోటి నుంచి దించుకున్నదే పాడతారు. వేదిక మీద హార్మోనియం శ్రుతి ఒక అర మెట్టు మారినా, తబలా కాస్త వేగం పెంచినా తడబడతారు. ఎందుకంటే వాళ్ళ సాధన అంతా పెద్ద బృందం అంచున, మిగిలిపోయిన పది నిమిషాల్లో జరిగింది. విడిగా కూర్చుని, తప్పు ఎక్కడుందో తామే కనిపెట్టి సరిచేసుకునే అవకాశం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు.

విజయనగరం వాళ్ళకి ఇది నేను చెప్పాలా? 1919లో మొదలైన సంగీత కళాశాల మీ ఊళ్ళో ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు. ఘంటసాల గారు కుర్రాడిగా ఆ ఊరు వచ్చినప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో ఉంచుకుని, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పారు. ఆ దగ్గరి పాఠం ఎనిమిది మందికైనా అందాలి. ఇద్దరికి అందినా సంతోషమే.

కళా ఉత్సవ్ లాంటి బడి పిల్లల జాతీయ పోటీలు 9వ తరగతి నుంచి పైవాళ్ళకి. అంటే మీ 60 మందిలో ఒక్క తరగతికే అవకాశం. ఆ పిల్లలు సంక్రాంతి దాటాక పదో తరగతి ఒత్తిడిలోకి వెళ్ళిపోతారు, ఆ తర్వాత ఎవరూ వాళ్ళని పాటకి పంపరు. వాళ్ళకి ఉన్నది ఈ ఒక్క ఏడాది. చిన్న బృందానికి వారంలో విడిగా 30 నిమిషాలు, ఎవరూ కదపలేని సమయం, ఇవ్వండి. వంతులు మిగతా వాటికి పెట్టుకోండి.

తొమ్మిదో_తరగతి_అమ్మ (రాజాం)

సార్ చెప్పింది అర్థమైంది. ఆ పిల్లల సమయం ఎవరూ తీసుకోనక్కర్లేదు. నేను అడిగేది ఒక్కటే, ఎనిమిదిలో రెండు చోట్లు మారేలా ఉంచండి. ఆరుగురు స్థిరంగా ఉంటే మీరు చెప్పిన కుదురు ఉంటుంది. మిగతా రెండు చోట్లకి దసరా తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి మళ్ళీ వినండి. పిల్లలకి ఆశ ఉంటుంది.

బొబ్బిలి_కోయిర్

ఆరుగురు స్థిరం, ఇద్దరు మారడం. దీనికి నా అభ్యంతరం లేదు. కొత్తగా వచ్చిన ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడకుండా చూసుకుంటే చాలు.

పోటీల_జడ్జి (పార్వతీపురం)

పోటీకి నెల ముందు నుంచి మాత్రం మార్చకండి. మిగతా రోజుల్లో సరే.

లెక్కల_సార్ (నరసన్నపేట)

టీచర్ గారి రెండో చిక్కుకి జవాబు రాలేదు. 52 మందిని ఎవరు చూస్తారు అన్నది టైమ్‌టేబుల్ సమస్య. దానికి మూడు దార్లు కనిపిస్తున్నాయి.

చిన్న బృందాన్ని సంగీతం పీరియడ్‌లో తీయకండి. వాళ్ళు ఎనిమిది మందే కాబట్టి వేరేచోట సర్దొచ్చు. మధ్యాహ్నం భోజనం అయ్యాక చివరి 20 నిమిషాలు, లేదా శనివారం నో బ్యాగ్ డే నాడు ఒక అరగంట. శనివారమైతే క్లాసు పోయిందని ఏ టీచరూ అనరు. 60 మందిని శనివారం కదపడం కష్టం, ఎనిమిది మంది సులువు. జడ్జి గారు అడిగిన కదలని అరగంట అక్కడే దొరుకుతుంది.

రెండోది, రెండు పీరియడ్లలో ఒకదాన్ని ప్రార్థన అయిన వెంటనే వచ్చే మొదటి పీరియడ్‌కి మార్చమని హెడ్మాస్టర్ గారిని అడగండి. పిల్లలు అప్పటికే ఒకచోట నిలబడి ఉంటారు, గొంతు తెరుచుకుని ఉంటుంది. నడిచి వచ్చి సర్దుకునే ఆరు నిమిషాలు మిగులుతాయి. వారానికి ఆరు నిమిషాలంటే తక్కువ అనిపిస్తుంది గానీ ఒక చరణం సరిచేయడానికి అది చాలు.

మూడోది, మాష్టారు చెప్పిన పది మంది గుంపులు. హాల్లోనే ఆరు మూలల్లో కూర్చోబెట్టి, ఒక్కో గుంపుకి చిన్న బృందం నుంచి ఒకరిని పెద్దగా పెడితే మీరు మధ్యలో తిరుగుతూ వినొచ్చు. టీచర్ హాల్లోనే ఉన్నారు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. గోల ఎక్కువగా ఉంటుంది, పది నిమిషాలకి మించి పెట్టకండి.

పాత_విద్యార్థి (విశాఖపట్నం, సొంతూరు చీపురుపల్లి)

ఆ పది నిమిషాల్లోనే ఒక్కో గుంపులో ఇద్దరు ముగ్గురి గొంతు విడిగా వినేయొచ్చు టీచర్ గారూ. దయచేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎవరిని విన్నారో. లేకపోతే ధైర్యంగా ముందుకొచ్చే పిల్లలనే మళ్ళీ మళ్ళీ వింటారు.

పాటల_టీచర్ (విజయనగరం)

హెడ్మాస్టర్ గారితో మాట్లాడి వచ్చాను. తేలిన సంగతి చెబుతాను.

శుక్రవారం పీరియడ్‌ని ప్రార్థన పక్కన మొదటి పీరియడ్‌కి మార్చారు. అది పూర్తిగా 60 మందిది. అందులో కొత్త పాట నేర్పను. ఊపిరి, ఎత్తుగడ, నిలపడం, కలవడం, ఇవే. మంగళవారం పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు గుంపులు, ఆ తర్వాత అందరూ. మాటలు, మాత్రల లెక్క తెలుగు పీరియడ్‌లో ఇప్పటికే మొదలయ్యాయి. నిన్న వరండాలో ఏడో తరగతి పిల్లలు తకిట తకధిమి అంటూ చప్పట్లు కొట్టుకుంటూ వెళుతుంటే చాలా సంతోషం వేసింది. చిన్న బృందానికి శనివారం అరగంట. ఆరుగురు స్థిరం, రెండు చోట్లు దసరా తర్వాత మళ్ళీ వింటాను. మగపిల్లలకి పల్లవి ఇచ్చాను. మానేసిన వాళ్ళలో ముగ్గురు తిరిగి వచ్చారు, మిగతావాళ్ళని పిలవాలి.

ఒకదానికి మాత్రం మేనేజ్‌మెంట్ ఇంకా ఒప్పుకోలేదు. గురజాడ జయంతికి 60 మందినీ తీసుకెళ్ళాలని నా పట్టుదల. బస్సులు, స్థలం చాలవని వాళ్ళ మాట, ఎనిమిది మంది చాలంటున్నారు. నేను వదలను. వేరే పాట ఎనిమిది మందితో పాడించినా, ఆ గీతం మాత్రం అందరూ కలిసి పాడాల్సిందేనని నా అభిప్రాయం.

ఆమదాలవలస_డప్పు

సభలో 60 మందికి చోటు లేకపోతే వేదిక మీద ఎనిమిది మంది, కింద 52 మంది. ఎత్తుకునేది పైన, అందుకునేది కింద నుంచి. ఎదురుగా కూర్చున్న పెద్దలు కూడా అందుకుంటారు, చూడండి.

పోటీల_జడ్జి (పార్వతీపురం)

అలా చేస్తే పైన ఉన్నవాళ్ళకీ కింద ఉన్నవాళ్ళకీ మధ్య దూరం వల్ల లయ వెనకబడుతుంది. మైకు స్పీకర్లు పిల్లల వైపు కూడా ఒకటి తిప్పి ఉంచమనండి, కింద వాళ్ళు స్పీకర్‌ని కాకుండా మీ చేతిని చూసి పాడాలి. ముందు రోజు అక్కడే ఒకసారి పాడించి చూసుకోండి.

పాటల_టీచర్ (విజయనగరం)

ఇది బాగుంది. మా హాల్లో దూరంగా రెండు చివర్లలో నిలబెట్టి ఈ శుక్రవారమే ప్రయత్నిస్తాను. రాజాం అమ్మగారూ, మా బడిలో ఇద్దరు తల్లులు పాటలు వచ్చినవాళ్ళు, శనివారం చిన్న బృందం జరిగేటప్పుడు మిగతా పిల్లల్లో ఉండాలనుకున్న వాళ్ళని కూర్చోబెట్టి పల్లవి పాడిస్తామని వాళ్ళే అడిగారు. హెడ్మాస్టర్ గారు పేర్లు రాసివ్వమన్నారు. మీ బడిలోనూ అడిగి చూడండి.

తొమ్మిదో_తరగతి_అమ్మ (రాజాం)

సోమవారమే వెళ్ళి అడుగుతానండి. నాకు హార్మోనియం వాయించడం వచ్చు.